‘240’కి జవాబు ఏమిటి?

(మధుమేహ రోగులు, వారి కుటుంబ సభ్యులు, వైద్య సిబ్బంది పాల్గొన్న సభలో ఒక మధుమేహ వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. స్లైడ్లు తేలేదు. ఒక సందేశం మాత్రం తెచ్చాను. కొన్నేళ్ల కిందట రాత్రి పదకొండు దాటాక నా రోగి ఒకాయన నుంచి నా ఫోనుకు వచ్చింది. అందులో ఉన్నవి మూడే అంకెలు: 240. ఆయన మీటరులో చూసుకున్న రక్తంలోని చక్కెర. ముందు ‘డాక్టరు గారూ’ లేదు, చివర ప్రశ్నార్థకం లేదు.

ఇక్కడ డాక్టర్లు, నర్సులు చాలామంది ఉన్నారు కదా, మీరే చెప్పండి. దీనికి ఏమని జవాబివ్వాలి? ఇన్సులిన్ పెంచమనాలా? ఆ 240 పరగడుపున చూసిందా, తిన్న గంటకు చూసిందా? భోజనం ఆలస్యమైందా? జ్వరం ఉందా? మోకాలి నొప్పికి ఎవరైనా స్టెరాయిడ్ సూది వేశారా? చేతులు కడుక్కున్నాడా? పండు ఒలిచిన వేలినే గుచ్చితే ఆ తడిలోని చక్కెర కూడా లెక్కలో పడుతుంది. పైగా మీటరుకు తన స్వభావం తనకుంది. 100, ఆపైన ఉన్న విలువలకు 15 శాతం అటూ ఇటూ చూపించినా అంతర్జాతీయ ప్రమాణం దాన్ని మంచి మీటరు అనే అంటుంది. కాబట్టి ఆ 240 అసలు 210 కావచ్చు, 270 కూడా కావచ్చు.

ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నేను పంపిన జవాబు ఒకే ఒక ముక్క: ‘ఎందుకంత పెరిగింది?’

అడిగినవాడికి అది మామూలు ప్రశ్న. రాత్రిపూట ఒంటరిగా మీటరు పట్టుకుని కూర్చున్నవాడికి మాత్రం అది ‘ఏం తిన్నావు?’ అని గద్దించినట్టు వినిపిస్తుంది. గొంతు వినబడదు, ముఖం కనబడదు. గదిలో ఎదురుగా కూర్చుని ఉంటే అదే మాటను నేను నవ్వుతూ అనేవాణ్ణి, ఆయన కూడా నవ్వి జవాబు చెప్పేవాడు. ఫోను తెర మీద నా నవ్వు పోయి ప్రశ్న ఒక్కటే మిగిలింది.

మూడు వారాలు ఆయన నుంచి ఏమీ రాలేదు. తరువాత ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పట్టిక ఫోటో వచ్చింది. 118, 122, 115, 124, 119. మూడు వారాల్లో ఒక్క రోజూ 130 దాటలేదు. నేను ‘చాలా బాగుంది’ అని రాసి, బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను. తరువాత హెచ్‌బీఏ1సీ చేయిస్తే 9.4 వచ్చింది. ఈ పరీక్ష రెండు మూడు నెలల చక్కెర తీరును చెబుతుందని మీకు తెలుసు. 9.4 అంటే సగటున 220 పైచిలుకు. 118 అన్న మనిషి ఆ పట్టికలో తప్ప ఎక్కడా లేడు.

ఆయన అబద్ధం ఆడాడని అనడం తేలిక. నాకు తోచేది వేరు. మొదటి నిజానికి నేనిచ్చిన జవాబు చూసి, నాకు ఏ అంకెలు నచ్చుతాయో ఆయన గ్రహించి, అవే పంపాడు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలిన ప్రసంగమంతా దానికి వివరణ.

ఇది కొత్త సంగతి కాదు. 1984లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన వెలువడింది. రీడింగులను తమలోనే దాచుకునే మీటర్లను రోగులకు ఇచ్చి, ఆ దాపరికం మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఎప్పటిలాగే పుస్తకంలో రాసుకు రమ్మన్నారు. తరువాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పుస్తకాల్లో కొన్ని పెద్ద అంకెలు మాయమయ్యాయి. అసలు పరీక్షే చేయని పూటలకు కూడా అంకెలు పుట్టుకొచ్చాయి. ఇంటర్నెట్టు లేని రోజుల్లో, కాగితం మీదే ఇంత జరిగింది. చెప్పకుండా నిఘా పెట్టడం మర్యాదేనా అని మీరు అడగవచ్చు. నాకూ అది కాస్త గుచ్చుకుంటుంది. అయినా ఆ ఫలితం చదివాక నా రోగుల మీద కోపం తగ్గిందన్నది నిజం.

కొంచెం వెనక్కి వెళదాం. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అందరికీ గుర్తున్న కథే. అయితే ఆ సూదితో పాటు మరో మార్పు కూడా వచ్చింది. అప్పటిదాకా వైద్యం డాక్టరు చేతిలో ఉండేది. ఇన్సులిన్ వచ్చాక పూటపూటకూ నిర్ణయాలు తీసుకోవలసింది రోగే అయ్యాడు. ఎంత తినాలి, ఎంత వేసుకోవాలి, ఈ రోజు ఎక్కువ నడిచాను కదా, తగ్గించాలా? డాక్టరు ఇంట్లో ఉండడు కదా! బోస్టన్‌లో ఇలియట్ జాస్లిన్ అనే వైద్యుడు ఇన్సులిన్ కన్నా ముందే ఈ అవసరాన్ని పసిగట్టాడు. 1918లోనే రోగుల కోసం ఒక చేతిపుస్తకం రాశాడు. తరువాత రోగుల ఇళ్లకే నర్సులను పంపి నేర్పించాడు. ఆసుపత్రికి వచ్చే రెండు సందర్భాల మధ్య ఉండే ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్నదే ఆయన ఆలోచన. మన ఫోను చేస్తున్న పని కూడా అదే.

1970 ప్రాంతంలో రక్తంలో చక్కెర చూసే మీటరు వచ్చింది. కిలోకు పైగా బరువు. దాన్ని డాక్టర్లకు, ఆసుపత్రులకు మాత్రమే అమ్మేవారు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు చిన్నప్పటి నుంచి మధుమేహం. భార్య డాక్టరు కావడంతో ఆమె పేరు మీద తెప్పించుకున్నాడు. తన రక్తంలోని అంకెను తాను చూసుకోవడానికి భార్య డిగ్రీ కావలసి వచ్చింది! ఆయన ఆ తరువాత ఎంతో శ్రమపడి, నలభై దాటాక వైద్య కళాశాలలో చేరి, డాక్టరయ్యాడు. అందరినీ అంత దూరం వెళ్లమనడం లేదు. (నవ్వులు)

ఇక 1993లో వచ్చిన పెద్ద అధ్యయనం గురించి చెప్పాలి. టైప్ 1 మధుమేహం ఉన్న 1,441 మందిని సగటున ఆరున్నరేళ్లు గమనించారు. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినవారిలో, మొదట్లో కంటి జబ్బు లేనివాళ్లకు అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. ఈ 76 వైద్య విద్యార్థులందరికీ కంఠతా వచ్చు. ఆ బృందానికి రోజుకు మూడు, అంతకు మించి సూదులు లేదా ఇన్సులిన్ పంపు ఇచ్చారని కూడా చెబుతారు. మరో సంగతి ఉంది. వాళ్లు ప్రతి నెలా ఆసుపత్రికి వచ్చేవారు, ఆ మధ్యలో సిబ్బంది ఇంకా తరచుగా ఫోను చేసి, మోతాదులు సరిచేసేవారు. ఆ ఫోను గురించి పరీక్షలో ఎవరూ అడగరు. ఆ ఫలితంలో సూది వాటా ఎంత, ఫోను వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. ఫోనును పక్కన పెట్టి సూదిని మాత్రమే మెచ్చుకోవడం న్యాయం కాదని మాత్రం అంటాను.

2000లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకో ప్రయత్నం మొదలైంది. 55 ఏళ్లు దాటిన 1,665 మందిలో సగం మంది ఇళ్లలో తెర, కెమెరా ఉన్న పరికరాలు పెట్టారు. మీటరు రీడింగులు దానంతట అదే పంపేది. అయిదేళ్లకు హెచ్‌బీఏ1సీలో తేడా 0.3 దగ్గర. గొప్ప అంకె కాదు, తీసిపారేసేదీ కాదు. నేను దీన్ని ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, ఆ తెర అవతల ఒక నర్సు కూర్చుని ఉండేది. చూసేది, మాట్లాడేది, వైద్యుడికి చెప్పేది. అంకెలు వెళ్లి గిడ్డంగిలో పడితే ఎవరి చక్కెరా తగ్గదు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. సందేశం ఎలా రాయాలి?

ముందు ప్రమాదం సంగతి. కొన్ని దేశాల్లో చక్కెరను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు, మరికొన్ని దేశాల్లో లీటరుకు మిల్లీమోళ్లలో. 18తో గుణిస్తే రెండోది మొదటిదవుతుంది. అక్కడి 7 ఇక్కడి 126. ఇంత వరకూ ఇబ్బంది లేదు, అంకె పరిమాణం చూస్తేనే తెలిసిపోతుంది. గొడవంతా హెచ్‌బీఏ1సీతో. దానికీ ఇప్పుడు రెండు కొలమానాలు. ఒకదానిలో 7 శాతం, మరోదానిలో 53. ఒకసారి విదేశంలో చదువుకుంటున్న అమ్మాయి ‘53 వచ్చింది’ అని రాసింది. చక్కెర 53 అంటే స్పృహ తప్పే దారిలో ఉన్నట్టే. నేను వణికిపోయి వరుసగా నాలుగు సార్లు ఫోను చేశాను. ఆ అమ్మాయి తరగతిలో ఉంది. బయటికి వచ్చి, మూడు నెలల పరీక్ష బాగా వచ్చిందని సంతోషంతో చెప్పానండీ, మీరెందుకు కంగారుపడుతున్నారని అడిగింది. 53 అక్కడ శుభవార్త!

కనుక అంకె పక్కన అది ఏ పరీక్షో, ఏ కొలమానమో, ఏ పూటో రాయండి. ఇన్సులిన్ మోతాదు రాసేటప్పుడు ‘యూనిట్లు’ అని మొత్తం పదం రాయండి. ఇంగ్లీషులో అంకె పక్కనే యు అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయిన సందర్భాలున్నాయి. అందుకే మందుల భద్రత చూసే సంస్థలు ఆ పొడి అక్షరాన్ని వాడవద్దంటాయి. 5 అంటే 5 అనే రాయండి, చుక్క పెట్టి పక్కన సున్నా తగిలించవద్దు. చుక్క కనబడకపోతే 50. ఇన్సులిన్ పేరు కూడా పూర్తిగా రాయాలి. పూటకు వేసుకునేదానికీ, రోజంతా పనిచేసేదానికీ పేర్లు దగ్గరగా ఉండే జతలున్నాయి. డాక్టర్లూ, ఇది మీకు కూడా. మనం రాసే జవాబులోనే ఈ తప్పు దొర్లితే అది నేరుగా సూదిలోకి వెళుతుంది. అందుకే నా రోగులను ఒకటి అడుగుతాను: మోతాదు మార్చమని నేను రాస్తే, మీకు అర్థమైంది తిరిగి నాకు రాయండి. ‘రాత్రి 14 నుంచి 16 యూనిట్లు, ఈ రోజు నుంచి’ అని వాళ్లు తిరగరాసేటప్పుడు నా తప్పులు రెండు సార్లు పట్టుబడ్డాయి.

ఒంటికి పెట్టుకుంటే ఎప్పటికప్పుడు చక్కెర చూసే సెన్సర్ల గురించి అడుగుతారని తెలుసు. చర్మం కింద ఉండే ఆ సన్నటి తీగ, రకాన్ని బట్టి, అయిదు నిమిషాలకొకసారి చూస్తే రోజుకు 288 రీడింగులు. రెండు వారాలకు నాలుగు వేలు దాటుతాయి. అవన్నీ డాక్టరుకు పంపితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరూ చూడరు. పద్నాలుగు రోజుల వక్రాలను ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే రోజుగా చూపించే నివేదిక ఉంటుంది. అందులో నేను మొదట చూసేది 70కి దిగువన ఎంత సేపు గడిపారన్నది. తరువాత 70కీ 180కీ మధ్య ఎంత సేపున్నారో చూస్తాను. చాలామందికి అది 70 శాతం దాటితే మంచిదని 2019లో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. ఆ పైన నాకు కావలసింది మీ మాట: ‘బుధవారం మధ్యాహ్నం ఆ గుట్ట ఎందుకు వచ్చిందంటే పెళ్లికి వెళ్లాను.’ అంతే. వక్రం చూస్తే నాకు గుట్ట కనబడుతుంది, పెళ్లి కనబడదు.

సెన్సరు చెప్పేదంతా వేదం కూడా కాదు. అది చూసేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. చక్కెర వేగంగా మారేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. రాత్రి మూడింటికి ఉన్నట్టుండి గోతిలో పడి, పది నిమిషాల్లో లేచి వచ్చిన వక్రాన్ని ఒకావిడ భయంతో పంపింది. సెన్సరు ఏ చేతికి ఉందని అడిగాను. ఎడమ చేతికి. ఎటు తిరిగి పడుకుంటారని అడిగాను. ఎడమ పక్కకే. ఒత్తుకుపోతే సెన్సరు అలా తప్పు చూపిస్తుంది. వేలి నుంచి చుక్క తీసి చూస్తే తేలిపోతుంది. ఇంత చిన్న విషయానికి ఆవిడ అప్పటికి నాలుగు రాత్రులు అతిగా తిని పడుకుంది.

సందేశం పెట్టకూడని సమయాలున్నాయి. ఈ మాట కటువుగానే చెబుతాను. చక్కెర 70 కంటే తగ్గితే ముందు నోట్లో 15 గ్రాముల గ్లూకోజు పడాలి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. ఫోను ఆ తరువాత. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయవద్దు, అంబులెన్సును పిలవండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉండి, రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) 3 దాటితే నా జవాబు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. ‘గ్లిఫ్లోజిన్’ అని ముగిసే మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకు చక్కెర 180 ఉన్నప్పుడే రక్తం ఆమ్లమయం కావచ్చు. అలాంటప్పుడు ‘180 మాత్రమే కదా, రేపు చూద్దాం’ అని ఆసుపత్రి నుంచి జవాబు వచ్చినా నమ్మవద్దు, వాంతుల సంగతి మళ్లీ చెప్పండి.

పాదం ఫోటోలు కూడా అంతే. పుండు ఫోటో చూసి ఎర్రగా ఉందో లేదో చెప్పగలను. ఎంత లోతుందో, వేడిగా ఉందో, వాసన వస్తోందో, పాదంలో నాడి కొట్టుకుంటోందో ఫోటో చెప్పదు. స్పర్శ పోయిన పాదం నొప్పి పెట్టదు, అందుకే రోగికి భయం వేయదు. ఫోటో పంపండి, వద్దనను. పంపాక బయల్దేరి రండి.

ఇక మా వైపు. డాక్టరుకు రాత్రి పది తరువాత కూడా సందేశాలు వస్తూ ఉంటే, మొదటి వారం ఓపిక ఉంటుంది, నెల తిరిగేసరికి ‘ఎందుకంత పెరిగింది?’ అనే మనిషి తయారవుతాడు. నా మొదటి తప్పు కొంత అలసట చేసిందే. కాబట్టి ఎవరు చూస్తారు, ఎన్ని గంటల్లో చూస్తారు, సెలవు రోజు ఏమవుతుంది అన్నది మొదటే చెప్పాలి. చాలా సందేశాలకు డాక్టరు కన్నా శిక్షణ పొందిన నర్సే మంచి జవాబిస్తుంది. ఈ మాట మా వాళ్లకు రుచించదు. రుచించకపోయినా నిజమే.

రాసే మాటల సంగతి ఇంకొకటి. 2010లో అమెరికాలో 105 మంది వైద్యులు తాము రాసుకునే నోట్సును 13 వేలకు పైగా రోగులకు ఇంటర్నెట్టులో చదవనిచ్చారు. ఏడాది తరువాత ఆపేస్తారా అని అడిగితే ఆ డాక్టర్లలో ఒక్కరూ ఆపలేదు. రోగి చదువుతాడని తెలిస్తే చేయి కాస్త ఆగుతుంది. ‘మాట వినడు’ అని రాయబోయి, ‘రాత్రి సూది వారానికి రెండు సార్లు తప్పుతోంది, పని రాత్రి షిఫ్టు’ అని రాస్తాం. రెండోది చదివితే ఏం చేయాలో కూడా తెలుస్తుంది, సూదిని పగటికి మారిస్తే సరిపోతుంది. అమెరికాలోనే మధుమేహ సంఘాలు 2017లో వైద్యులు ఏ మాటలు మానుకోవాలో ఒక పత్రం కూడా వెలువరించాయి. నిందలా వినబడే మాటలన్నీ అందులో ఉన్నాయి.

ఆ 240 మనిషి సంగతి చెప్పి ముగిస్తాను. 9.4 వచ్చిన రోజు నేనే ముందు చెప్పాను: ఆ రాత్రి నేను అలా రాసి ఉండకూడదని. ఆయన చాలా సేపు నేలవైపు చూసి, ఆ 240 నాడు తన ఉద్యోగం పోయిందన్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తరువాత మేం ఒక ఒప్పందానికి వచ్చాం. పెద్ద అంకె వచ్చినప్పుడల్లా పక్కన ఒక ముక్క రాయాలి, అది కారణమే కానక్కరలేదు. నేను మాత్రం ‘పంపినందుకు మంచిది’ అని మొదలుపెట్టాలి. మొదటి వారం వచ్చిన సందేశం: ‘262. తెలియదు.’ నాకు అది 118 కన్నా ఎంతో విలువైనది.

ఇప్పుడు ప్రశ్నలు. ఆ వెనక చేయి ఎత్తినవారు... చెప్పండి.

(ప్రశ్న: మా అమ్మకు స్మార్టుఫోను వాడటం రాదు. సెన్సరు అలారం నా ఫోనుకు పెట్టుకున్నాను. డాక్టరుతో సందేశాలన్నీ నేనే నడుపుతాను. ఈ మధ్య ఆమె సెన్సరు పీకేసి, వద్దంటోంది. ఏం చేయాలి?)

అలారం మోగిన ప్రతిసారీ మీరు ఫోను చేస్తారా? ... రోజుకు ఎన్ని సార్లు? ... ఎనిమిదా! అమ్మా అంటూ మొదలుపెట్టి, వెంటనే ఏం తిన్నావని అడుగుతారు కదూ? నేను ఆ రాత్రి రాసినదే మీరు రోజుకు ఎనిమిది సార్లు చెబుతున్నారు. అలారం ఏ అంకెకు మోగాలో ఆమెనే అడగండి. నా సలహా అయితే 70కి దిగువన మాత్రం పెట్టండి, పైన మోగేది కొన్నాళ్లు తీసేయండి. డాక్టరుకు పంపే ప్రతి సందేశాన్నీ పంపేముందు ఆమెకు చదివి వినిపించండి. ఆమె ‘అది కాదు, ఇలా రాయి’ అంటే అలాగే రాయండి. అయినా ఇదంతా మీతో ఎందుకు మాట్లాడుతున్నాను? అమ్మగారు వచ్చారా? పక్కనే ఉన్నారా? అయితే ఆ మైకు కాస్త ఆవిడకు ఇవ్వండి.